రెండు తిరస్కారాలు, ఒక జత ముళ్ళబూట్లు

ముక్తేశ్వరరావు "సరే" అనడానికి నాలుగు సెకన్లు పట్టింది. ఆ నాలుగు సెకన్లే కొంప ముంచాయి.

అడిగింది ఆయన ఒక్కగానొక్క కూతురు వాగ్దేవి. పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. పరుగందుకుంటే కొత్తరేవు మెయిన్ రోడ్డు మీద ఆటోలు పక్కకి తప్పుకుంటాయి. అడిగిన చోటు వాళ్ళ పిండిమర. అడిగిన వస్తువు ముళ్ళబూట్లు. అడుగున చిన్న చిన్న మొలలుండి, పరిగెత్తేటప్పుడు నేలని కరిచి పట్టుకునే బూట్లు.

"నవంబరు పధ్నాలుగున జిల్లా పోటీలు నాన్నా. ఎనిమిది వందల మీటర్లు. గ్రౌండంతా కొత్తగా ఇటుకపొడి పోశారంట. వట్టికాళ్ళతో వచ్చినోళ్ళని గేటు దగ్గరే ఆపేస్తారని మా డ్రిల్లు మాస్టారు జాకబ్ గారికి కాగితం వచ్చింది."

ముక్తేశ్వరరావు మర ఆపాడు. కనురెప్పల మీది బియ్యప్పిండి తుడుచుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"సరే. పద, ఇప్పుడే తెచ్చేసుకుందాం."

అది జూన్ ఇరవయ్యో తేదీ. పోటీలకి దాదాపు ఐదు నెలలుంది. పావుగంట పని.

బూట్ల షాపు యజమాని వాగ్దేవి పాదాన్ని కొలతపలక మీద పెట్టించాడు. "నాలుగో నెంబరు," అన్నాడు. లోపల్నించి ఒక జత తెచ్చాడు. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. వాగ్దేవి చెయ్యి చాచింది. ఆయన జతని చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"ఒప్పింపు పత్రం ఏదండీ?"

"ఏం పత్రవండీ?" అన్నాడు ముక్తేశ్వరరావు.

"రూలు మారింది కదండీ ఈ నెల నించీ. పాప మిమ్మల్ని బూట్లు అడిగిందా?"

"అడిగింది."

"మీరు కాదన్నారా?"

"ఎందుకు కాదంటానండీ? సరే అన్నాను."

షాపాయన వీధి వైపు చూసి, గొంతు తగ్గించాడు. "అయ్ బాబోయ్! గట్టిగా అనకండి. అది నేరం."

సంగతి ఏమిటంటే, ఈ కాలం పిల్లలకి అడిగిందల్లా అడగ్గానే దొరికిపోతోందనీ, అందువల్ల వాళ్ళలో పట్టుదల సన్నగిల్లిపోతోందనీ ఒక నిపుణుల సంఘం కనిపెట్టింది. ఆ సంఘం మూడు దేశాలు తిరిగింది. అక్కడి పిల్లలు బజార్లలో నేల మీద పడి దొర్లే పద్ధతుల్ని దగ్గరుండి చూసింది. నాలుగు వందల పేజీల నివేదిక ఇచ్చింది. పత్రికలు శభాష్ అన్నాయి. బడుల్లో పట్టుదల వారోత్సవాలు జరిపారు. ఆ ఊపులో బాలల కోరికల శాఖ పుట్టింది. తిండి, మందులు, పాఠ్యపుస్తకాలు తప్ప పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళు కోరిన ఏ వస్తువునైనా, తల్లిదండ్రుల్ని సక్రమంగా ఒప్పించినట్టు పత్రం చూపిస్తేనే అమ్మాలి.

"పోనీ, నాకే అనుకుని ఇవ్వండి," అన్నాడు ముక్తేశ్వరరావు.

షాపాయన ఆయన పాదాల వైపు చూశాడు. పడవల్లా ఉన్నాయి. "మీది తొమ్మిది నెంబరండి. నాలుగు మీకమ్మితే నా లైసెన్సు పోద్ది," అని జతని తిరిగి పెట్టెలో పెట్టేశాడు.

మూత పడిన చప్పుడు వాగ్దేవికి తుపాకీ పేలినట్టు వినిపించింది.

* * *

బాలల కోరికల శాఖ కొత్తరేవు కార్యాలయం పాత ధాన్యం గోడౌన్లో ఉంది. అందులో ఒకే బల్ల, ఒకే అధికారి. ఒప్పింపుల తనిఖీ అధికారి పరాంకుశం. వేరే శాఖ నించి ఇక్కడికి బదిలీ అయిన యాభై ఆరేళ్ళ మనిషి. మడత చెదరని తెల్లచొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు. ఒక్క కాఫీ అయినా ఎవరి దగ్గరా పుచ్చుకోడు. ఊళ్ళో వాళ్ళ బాధ కూడా అదే. పుచ్చుకునే మనిషైతే పని ఎప్పుడో అయిపోయేది.

"బాలిక కోరిక ఎక్కడ, ఏ విధముగా వెలిబుచ్చినది?"

"మా మర దగ్గరండి. నాన్నా, బూట్లు కావాలి అంది."

"నేరుగానా? తండ్రి పనిలో ఉండగానా?" పరాంకుశం కళ్ళు మూసుకున్నాడు. "అది విన్నపం కాదండీ. దారి తప్పిన మాట. దానిని శాఖ గుర్తించజాలదు."

బల్ల సొరుగులోంచి ఒక పుస్తకం తీసి వాగ్దేవి చేతిలో పెట్టాడు. "ఒప్పింపు కరదీపిక. తొంభై ఆరు పేజీలు. క్షుణ్ణంగా చదువుకోవలెను."

ఇంటికి వెళ్ళాక వాగ్దేవి తల్లి శేషారత్నం అరుగు మీద కూర్చుని దాన్ని పైకి చదివింది. ఆవిడ బ్లౌజులు కుడుతుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా చదవగలదు.

"మొదటి దశ, విన్నపం. బిడ్డ తన కోరికని తల్లికి చెప్పవలెను. తల్లి దానిని ఇంటాయన భోజనంలో పెరుగు వడ్డించే వేళ విన్నవించవలెను. పప్పు వేళ విన్నవించినది చెల్లదు. ఇది మనం ఎప్పుడూ చేసేదే కదే! దీనికో పుస్తకమా?"

"తరవాతేంటమ్మా?"

"రెండో దశ, తిరస్కారం. తక్కువలో తక్కువ రెండు. మూడోది మారాం. ఏడుపు నాలుగో ఇంటికి వినపడవలెను. నాలుగోది అలక. ఆరు గంటలు, గోడ వైపు తిరిగి, నిర్విరామంగా. ఆ సమయంలో ఈ కరదీపిక తప్ప మరేదీ చదవరాదు. అయిదోది మెత్తబడుట. 'చూద్దాం' అన్న మాట మెత్తబడుటకు ఆరంభముగా భావించవలెను. అంతా తనిఖీ అధికారి సమక్షంలో జరగవలెను. ఏ దశ తప్పినా కోరిక చల్లారునేమో చూచుటకు నలభై రోజులు గడువు." శేషారత్నం గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. "ఏవండీ, విన్నారా? మీరు రెండుసార్లు కాదనాలంట."

ముక్తేశ్వరరావు బిక్కమొహం వేశాడు. "దాన్నా? నేనా?"

* * *

జూలై ఆరు, ఆదివారం. మొదటి తనిఖీ.

పరాంకుశం కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఒళ్ళో అట్ట, అట్ట మీద ఫారం. దరఖాస్తులో 'వస్తువు కొలత' అన్న గడి దగ్గర 'నాలుగో నెంబరు' అని ఎర్రసిరాతో రాసి, కింద రెండు గీతలు గీశాడు.

ముక్తేశ్వరరావు విస్తరి ముందు కూర్చున్నాడు. వంకాయ అయింది. పప్పు అయింది. చారు అయింది. శేషారత్నం పెరుగు గిన్నె పట్టుకొచ్చింది. వాగ్దేవి తలుపు చాటునుంచి చూస్తోంది.

"ఏవండీ... పిల్ల ముళ్ళబూట్లు అడుగుతోందండి."

ముక్తేశ్వరరావు నోరు తెరిచాడు. వారం రోజులుగా నేర్చుకున్న మాట. నాలుగక్షరాల మాట. "కుద..." అన్నాడు. కళ్ళు తలుపు వైపు పోయాయి. చాటున రెండు జడలు కనిపించాయి. "కుద... కుదురుతుంది తల్లీ! ఎందుక్కుదరదు?"

పరాంకుశం పెన్ను మూత పెట్టాడు. "తండ్రి యందు తిరస్కార సామర్థ్యం లోపించినది. నలభై రోజుల తదుపరి."

ఆయన గేటు దాటేదాకా ఆగి శేషారత్నం మొగుడి మీద విరుచుకుపడింది. "ఒక్క మాటండీ! నేను చీర అడిగినప్పుడు ఎంత చక్కగా వచ్చేది ఆ మాట!"

"నువ్వు వేరే, అది వేరేనే రత్నం."

మర్నాటి నించీ ముక్తేశ్వరరావు మర దగ్గర సాధన మొదలెట్టాడు. బియ్యం తెచ్చిన వాళ్ళతో "కుదరదు" అన్నాడు. మిరపకాయలు తెచ్చిన వాళ్ళతో "ముమ్మాటికీ కుదరదు" అన్నాడు. పది రోజుల్లో బేరాలు సగానికి పడిపోయాయి. మాట మాత్రం ఖంగుమని మోగడం మొదలెట్టింది.

ఆగస్టు పదిహేడున రెండో తనిఖీ జరిగింది. పెరుగు వడ్డించారు. విన్నపం అయింది.

"కుదరదు!" అని గర్జించాడు ముక్తేశ్వరరావు. గోడ మీది క్యాలెండరు ఊగింది. "బూట్లా? ముళ్ళవా? మా తాత తొడిగాడా, మా నాన్న తొడిగాడా? ముమ్మాటికీ కుదరదు!"

పరాంకుశం మొహంలో మొదటిసారి ఆనందం కనిపించింది. "మొదటి తిరస్కారం, ఉత్తమం. రెండవ తిరస్కారం, అత్యుత్తమం. తదుపరి, మారాం. బాలిక ప్రారంభించవచ్చును."

వాగ్దేవి నేల మీద పడింది. జాకబ్ మాస్టారు నేర్పినట్టు ఎడమకీ కుడికీ దొర్లింది. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడు తండ్రి మొహం కంటబడింది. పాపం, ఆయన కళ్ళు ఎర్రజేసి, మీసం మెలేద్దామని చూస్తున్నాడు. మీసానికున్నది పెరుగు. మెలి తిరగడం లేదు.

వాగ్దేవి కిసుక్కున నవ్వింది.

"మారాంలో మందహాసం," అని రాసుకున్నాడు పరాంకుశం. "నలభై రోజుల తదుపరి."

* * *

సెప్టెంబరు ఇరవై ఎనిమిదో తేదీకి ఇంట్లో ముగ్గురూ ఆరితేరిపోయారు. శేషారత్నం విన్నపం చేస్తే కొండలు కరుగుతాయి. ముక్తేశ్వరరావు కాదంటే వీధిలో కుక్కలు తోక ముడుస్తాయి. వాగ్దేవి ఏడుపు నాలుగో ఇంటికి కాదు, నాలుగో వీధికి వినపడింది. ఎవరింట్లో ఏమైందోనని ఇద్దరు చీపుళ్ళు పట్టుకుని మరీ పరిగెత్తుకొచ్చారు. పరాంకుశం వాళ్ళచేత సాక్షి సంతకాలు పెట్టించుకున్నాడు.

మిగిలింది అలక.

వాగ్దేవి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. చేతిలో కరదీపిక. వెనకాల కుర్చీలో పరాంకుశం, ముందు గడియారం. ఒక గంట గడిచింది. రెండు గంటలు. మూడు. తొంభై ఆరు పేజీలూ రెండోసారి అయిపోయాయి. ఆ పుస్తకంలో నిర్వచనాలని ఒక అధ్యాయముంది. అది ఎవరూ చదవరు. చెయ్యడానికి మరో పని లేక వాగ్దేవి దాన్ని కూడా చదివింది. మళ్ళీ చదివింది.

నాలుగో గంటలో శేషారత్నం మొహమాటపెట్టి పరాంకుశం చేతిలో ఒక మిరపకాయ బజ్జీ పెట్టింది. పదార్థాలు పుచ్చుకోవడం నిషిద్ధమని ఆయనకి తెలుసు. కానీ నాలుగు గంటలు బజ్జీల వాసన పీల్చిన మనిషి. ఒక్క ముక్క కొరికాడు.

మరుక్షణం ఎక్కిళ్ళు. మొహం ఎర్రబడింది. కళ్ళమ్మట నీళ్ళు. శేషారత్నం పెరట్లో ఉంది. ముక్తేశ్వరరావు మర దగ్గరున్నాడు. పరాంకుశం గాల్లో చేతులు ఆడించాడు.

వాగ్దేవి ఆలోచించలేదు. ఒక్క గెంతున లేచి, కూజాలోంచి గ్లాసు ముంచి, ఆయన నోటికందించింది.

పరాంకుశం గడగడా తాగాడు. ఊపిరి పీల్చుకున్నాడు. "బతికించావమ్మా," అన్నాడు. "నాకసలు కారం పడదు. పొద్దున్న పదింటికి ఆఫీసులో ఇంత పెరుగన్నం తిని సీట్లో కూర్చుంటే సాయంత్రం దాకా లేవను."

తరవాత ఎర్రపెన్ను తీశాడు. ఒకసారి కళ్ళు తుడుచుకున్నాడు. కారం వల్లే అయ్యుండాలి.

"అలకలో ఉన్న వ్యక్తి అతిథి మర్యాద చేసినది," అని రాశాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "నలభై రోజుల... తదుపరి."

వాగ్దేవి వేళ్ళ మీద లెక్కపెట్టింది. నవంబరు తొమ్మిది. పోటీలకి ఐదు రోజుల ముందు. ఇంకొక్క అవకాశం.

* * *

నవంబరు తొమ్మిదిన అంతా నూనె వేసిన యంత్రంలా సాగిపోయింది. విన్నపం, రెండు తిరస్కారాలు, మారాం, ఆరు గంటల అలక. సాయంత్రం ఐదింటికి ముక్తేశ్వరరావు "చూద్దాం" అని, కండువాతో కళ్ళొత్తుకుని, "సరేలే" అన్నాడు. ఇంత అందంగా మెత్తబడిన తండ్రిని తన సర్వీసులో చూడలేదని పరాంకుశం లేచి నిలబడి చెప్పాడు. ఆకుపచ్చ పెన్ను తీశాడు. పత్రం మీద పెట్టబోయాడు.

ఆగిపోయాడు.

"తుది పరిశీలన ఒకటి కలదు. వస్తువు కొలత." సంచీలోంచి కొలతపలక తీశాడు. "పాదం ఇలా ఉంచమ్మా."

వాగ్దేవి పాదం పెట్టింది. పరాంకుశం వంగి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఫారం చూశాడు. పాదం చూశాడు.

"దరఖాస్తులో నాలుగు. ఇక్కడ ఐదు. ఇది దరఖాస్తు చేసిన పాదం కాదు."

శేషారత్నం తనే వంగి పలక చూసింది.

"అదేంటండీ!" అంది శేషారత్నం. "ఐదు నెలలయిందండి. ఎదిగే పిల్లండి!"

"ఎదుగుదలకు ముందస్తు అనుమతి పొందితిరా?"

"కాళ్ళెదగడానికి అనుమతేంటండీ?"

"అరవై రెండవ పేజీ. దరఖాస్తు పరిష్కారమగు వరకు వస్తువు కొలతయందు ఎట్టి మార్పును చేయరాదు. సదరు పాదమును యథాతథ స్థితిలో ఉంచవలసిన బాధ్యత తల్లిదండ్రులదే."

"యథాతథంగానా?" ముక్తేశ్వరరావుకి మొట్టమొదటిసారి నిజంగా కోపం వచ్చింది. "నలభైలేసి రోజులు మూడుసార్లు తినేసింది ఎవరండీ? మీరు ఆపకపోతే ఆ కాలు నాలుగులోనే ఉండి బూట్లలో దూరిపోయేది!"

"నాలుగో నెంబరుకైతే ఈ క్షణమే పత్రం ఇవ్వగలను."

"తొడుక్కునేదెలాగండీ?"

"తొడుగుట శాఖ పరిధిలోనిది కాదు." పరాంకుశం ఫైలు మూసి తాడు కట్టాడు. ముడి సరిగ్గా పడటానికి చాలాసేపు పట్టింది. "ఐదో నెంబరుకు కొత్త దరఖాస్తు, నలభై రోజుల తదుపరి. మన్నించాలి."

ఆయన వెళ్ళిపోయాడు. ముక్తేశ్వరరావు గుమ్మంలో కూలబడ్డాడు. "నేను చేతకానోణ్ణి తల్లీ. మొదటిసారే కాదని ఉంటే..."

వాగ్దేవికి ఏడుపొచ్చింది. ఈసారి నాలుగో ఇంటికి కాదు, పక్కనున్న తల్లికి కూడా వినపడలేదు. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి, కరదీపిక తెరిచి, మూడో పేజీ మీద వేలు పెట్టింది.

"నాన్నా, నువ్వు మొదటి రోజే ఒప్పుకున్నావు. అమ్మా ఒప్పుకుంది. ఒప్పించాల్సింది మిమ్మల్ని కాదు. అమ్మా, ఇంట్లో పెరుగుందా?"

* * *

సోమవారం పొద్దున్న పది గంటలు. పరాంకుశం బల్ల మీద క్యారియరు విప్పాడు. రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా శేషారత్నం ఎదురుగా నిలబడింది. చేతిలో స్టీలు గిన్నె.

"వట్టి మజ్జిగలా ఉందండి మీ పెరుగు. గేదె పెరుగు తెచ్చాను, కాస్త వేస్తాను," అని, వద్దనేలోగా గరిటెడు వేసేసింది. "మా పిల్ల ముళ్ళబూట్లు అడుగుతోందండి. ఐదో నెంబరు."

"వీలుపడదు," అన్నాడు పరాంకుశం, అలవాటుగా.

"ఒక్కసారి ఆలోచించండి."

"ముమ్మాటికీ వీలుపడదని నిన్ననే చెప్పితిని కదా!"

వాగ్దేవి గోడౌన్ నేల మీద పడింది. ఈసారి జాకబ్ మాస్టారు నేర్పినట్టు కాదు. ఐదు నెలల కడుపుమంట అంతా బయటికొచ్చింది. నాలుగు షాపుల అవతలున్న కిళ్ళీకొట్టాయన గుమ్మంలోకి వచ్చి తొంగి చూశాడు. శేషారత్నం ఆయన చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని మర్యాదగా పంపేసింది.

పదిన్నరకి వాగ్దేవి లేచి, బెంచీని గోడ దగ్గరికి లాగి, అటు తిరిగి కూర్చుంది. కరదీపిక తెరిచింది.

"ఏమమ్మా, ఇది ప్రభుత్వ కార్యాలయం," అన్నాడు పరాంకుశం.

వాగ్దేవి పేజీ తిప్పింది. ఆయన ఫైళ్ళు తెరిచాడు, మూశాడు. పన్నెండయింది. ఒంటిగంట అయింది. బెంచీ మీద రెండు జడలు కదలకుండా ఉన్నాయి. ఆయన కుర్చీ కిర్రుమంది. మూడింటికి ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏడో తరగతిలో నేనూ ఒకటి అడిగాను," అన్నాడు జడలతో. పుస్తకాల భాష ఎటు పోయిందో పోయింది. "మౌత్ ఆర్గాను. మా నాన్న చూద్దాంరా అన్నాడు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. నలభై మూడేళ్ళయినా నేనింకా చూస్తూనే ఉన్నానేమో అనిపిస్తది ఒక్కోసారి."

జడలు కొంచెం కదిలాయి. తల తిరగబోయి ఆగింది. అలకలో మాట్లాడకూడదు.

"నన్నెవరూ ఏదీ అడగలేదమ్మా ఇంతవరకూ. పెళ్ళీ గిళ్ళీ లేదు కదా. అందరూ సంతకం అడుగుతారంతే."

నాలుగున్నరకి పరాంకుశం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"సరే... చూద్దాం," అన్నాడు.

వాగ్దేవి గిరుక్కున తిరిగింది. "సార్, పదిహేడో పేజీ! 'చూద్దాం' అంటే మెత్తబడినట్టు."

"అది తండ్రికి కదమ్మా?"

"మూడో పేజీ చూడండి, నిర్వచనాలు. 'తండ్రి అనగా తండ్రి, లేక సంరక్షకుడు. సంరక్షకుడు అనగా పెరుగు వేళ విన్నపం ఆలకించి, రెండుమార్లు కాదని, బిడ్డ అలకను ఆరు గంటలు భరించి, మెత్తబడిన పెద్దమనిషి ఎవరైనా.' మీరు రెండుసార్లు కాదన్నారు. అలక పదిన్నర నించి నాలుగున్నర. తనిఖీ అధికారి సమక్షంలోనే జరిగింది, మీరిక్కడే ఉన్నారు కదా. కొత్త సంరక్షకుడికి కొత్త దరఖాస్తు. మొదటిసారి పెట్టినదానికి నలభై రోజులు లేవు. అమ్మ ఫారం నింపేసింది."

పరాంకుశం కరదీపిక అందుకున్నాడు. మూడో పేజీ మూడుసార్లు చదివాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు, తీసేసి చదివాడు. కొలతపలక తీసి పాదం కొలిచాడు. ఐదు. ఫారంలోనూ ఐదే.

"ఇందులో తప్పు కనపడుట లేదు," అన్నాడు నెమ్మదిగా. ఆయన ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఇంత భయంకరమైన సంగతి ఎన్నడూ ఎదురవలేదు.

"ఇంకొకటుంది సార్," అంది వాగ్దేవి, కాస్త జంకుతూ. "తొంభై ఒకటో పేజీ."

ఆయన తిప్పాడు. పైకి చదివాడు. "మెత్తబడిన వారే సదరు వస్తువును ఇరవై నాలుగు గంటలలోపు స్వయముగా కొని ఇవ్వవలెను."

పరాంకుశం కరదీపిక మూసి బల్ల మీద పెట్టాడు. తరవాత పెదవుల చివర చిన్న కదలిక. ఐదు నెలల్లో వాళ్ళెవరూ చూడనిది. ఆకుపచ్చ పెన్ను తీసి, ఒక సంతకం తనిఖీ అధికారి గడిలో పెట్టాడు. రెండో సంతకం సంరక్షకుడి గడిలో పెట్టాడు. కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"పదండి. కార్యాలయ వేళలు ముగియుటకు ఇంకను పావుగంట కలదు. అయినను పదండి."

షాపాయన పత్రం చూశాడు, పరాంకుశాన్ని చూశాడు. "తవరేవవుతారండీ పాపకి?"

"సంరక్షకుణ్ణి," అన్నాడు పరాంకుశం గడ్డం పైకెత్తి. "ఐదో నెంబరు, ఎర్రవి."

"ఐదు కాదు, ఆరివ్వండి," అంది శేషారత్నం.

"పత్రంలో ఐదని..."

"చూడండీ, కొనేది మీరే. కాదనను. సైజు చెప్పేది మాత్రం నేను. ఎదిగే పిల్లకి ఎవరైనా సరిపోయేవి కొంటారా?"

పరాంకుశం వాదించబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు. ఎర్రపెన్నుతో ఐదు కొట్టేసి ఆరు వేసి, పక్కన పొట్టి సంతకం చేశాడు. సర్వీసులో ఆయన చేసిన మొదటి కొట్టివేత అది.

* * *

నవంబరు పధ్నాలుగు. జిల్లా మైదానం. వాగ్దేవి బూట్ల ముందు భాగంలో శేషారత్నం కుక్కిన జాకెట్టు గుడ్డముక్కలున్నాయి. మొదటి చుట్టులో ఐదో స్థానం. రెండో చుట్టు మలుపులో ముళ్ళు ఇటుకపొడిని కరిచిపట్టాయి. ఒకరు వెనకబడ్డారు. మరొకరు. ఇంకొకరు. జాకబ్ మాస్టారు ఈల ఊదడం మరిచిపోయి ఈలనే నమిలాడు. గీత దగ్గర ఒక్క అడుగు తేడాలో రెండో స్థానం. మొదటి ఇద్దరూ రాష్ట్ర పోటీలకి.

ముక్తేశ్వరరావు పిండి చేతుల్తోనే కూతుర్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. పక్కన పరాంకుశం. సెలవు పెట్టి వచ్చాడు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక, ఫారాలు రాసుకునే అట్టని చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

వాగ్దేవి కిందికి దిగింది. ఆయాసం తీర్చుకుంది. ఒక చూపు తల్లి వైపు, ఒక చూపు తండ్రి వైపు.

"నాన్నా, రాష్ట్ర పోటీలకి ట్రాక్ సూటు తప్పనిసరంట."

శేషారత్నం అప్పటికే భోజనం బుట్టలో చెయ్యి పెట్టి పెరుగు డబ్బా మూత తీస్తోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"కుదరదు!" అన్నాడు ముక్తేశ్వరరావు, మైదానమంతా తిరిగి చూసేలా.

పరాంకుశం అట్ట తీశాడు. ఎవరూ అడగకుండానే పెన్ను మూత విప్పి, చేతి గడియారం చూసుకున్నాడు.

"మొదటి తిరస్కారం, నమోదైనది. రెండోది కూడా కానిచ్చేయండి సార్, త్వరగా. ఏడుపు, అలక ఇంటి దగ్గర చూసుకుందాం. షాపు ఎనిమిదింటికి కట్టేస్తాడు."